వంగని మోకాలు

చచ్చిపోయిన మా తమ్ముడి అరచెయ్యి నాకు బస్సులో కనిపించింది.

ఎదురు సీట్లో ఒక కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అతని జీన్స్ ప్యాంటు కుడి తొడ మీద, మోకాలికి జానెడు పైన, నీలం పోయి తెల్లబడిన మచ్చ ఉంది. కంపెనీవాళ్ళు గరుకు కాగితంతో రుద్ది తెచ్చే తెలుపు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దీని ఆకారం వేరు. ఒక పక్క బొటనవేలంత చీలిక, ఇంకో పక్క నాలుగు వేళ్ళ వెడల్పు. మెట్లెక్కేటప్పుడు మొరాయించిన కాలిని చేత్తో అదిమి నెట్టుకునేవాడికే ఆ చోట, ఆ రూపంలో రంగు పోతుంది.

అలా మెట్లెక్కేవాణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

కుర్రాడు దిగిన స్టాపులో నేనూ దిగాను. వెనకనుంచి చూశాను. ఎడమ మోకాలి వెనక తేనెపట్టు గదుల్లా మడతల గీతలు. కుడి మోకాలి వెనక ఏమీ లేదు, ఇస్త్రీ చేసినట్టు చదును. కుడి కాలి అంచు లోపలివైపు నేలకి రాసుకుని పోగులు తేలింది. ఆ కుర్రాడు మాత్రం రెండు కాళ్ళతో చెంగుచెంగున నడిచిపోతున్నాడు.

"బాబూ, ఒక్క నిమిషం. ఈ ప్యాంటు ఎక్కడ కొన్నావు?"

ఎగాదిగా చూశాడు. "ఎందుకాంటీ, మీ అబ్బాయికా? 'నాన్న ప్యాంటు' అని అడగండి, ఎక్కడైనా ఇస్తారు. ఈమధ్యే వచ్చింది, ఇప్పుడు ఇదే నడుస్తోంది."

"ఈ మచ్చలేంటి?"

"డిజైన్ ఆంటీ!" అని నా అజ్ఞానానికి జాలిపడి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బజారులో చివరిదాకా నడిచాను. అద్దాల వెనక బొమ్మలకి అదే ప్యాంటు. కాలేజీ పిల్లల ఒంటి మీద అదే ప్యాంటు. ఊరంతా మా తమ్ముడి కుంటికాలిని తొడుక్కుని తిరుగుతోంది, ఒక్కడికీ తెలియదు.

* * *

మా తమ్ముడు చిన్నప్పుడు గోడ మీంచి పడితే కుడి మోకాలు వంగకుండా బిగుసుకుపోయింది. ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ లేచి నడిచేవాడు. వీధంతా వాణ్ణి 'తక్కెడ' అని పిలిచింది. వాడికి రోషం లేదు. "తక్కెడనే. తూకంలో తేడా వస్తే అడగండి" అని వాడే ముందు నవ్వించేవాడు.

వాడికి దొరికిన పని జీన్స్ యూనిట్‌లో. కొత్త ప్యాంట్లను పాతవాటిలా చేయడం అక్కడి పని. గన్ను పట్టుకుని గాలి ఒత్తిడితో తొడల మీదా మోకాళ్ళ మీదా ఇసుక కొడితే నీలం రాలిపోతుంది. కిటికీ లేని గది. ముక్కుకి చేతిరుమాలు. ఇంటికొచ్చేసరికి కనుబొమలు నెరిసిపోయి ఉండేవి. "చూశావా, నేనే నీకంటే పెద్దవాణ్ణి. ఇకనుంచి అన్నయ్యా అని పిలువు" అనేవాడు.

ఆ యూనిట్‌లో ఒక పద్ధతి ఉండేది. నీళ్ళు తగలని పచ్చి డెనిమ్ ప్యాంటు ఒకటి పనివాడికిచ్చి, ఇది తొడుక్కునే పని చెయ్యి, ఉతక్కు అనేవాళ్ళు. అది బాగా అరిగాక వెనక్కి తీసుకుని, ఆ అరుగుదల చూసి వేల ప్యాంట్ల మీద నకలు కొట్టేవాళ్ళు. దాన్ని 'నడక నమూనా' అనేవాళ్ళు. మనిషి కూర్చుని, లేచి, తిరిగితే బట్ట మీద పడే మచ్చల్ని బల్ల ముందు కూర్చుని ఊహించి గీయడం ఎవరి తరమూ కాదు. నడిచిన మనిషొకడు కావాలి.

మా తమ్ముడు నడిచాడు.

తర్వాత దగ్గు మొదలైంది. గన్ను ఎత్తలేకపోయిన రోజు ఇంటికి పొమ్మన్నారు. గేటు దగ్గర మేస్త్రి ఆపాడు. "యూనిట్ బట్ట యూనిట్‌దే. విప్పి వెళ్ళు." వాచ్‌మన్ జాలిపడి తన పాత ప్యాంటు ఇస్తే, అది జారిపోకుండా నడుము దగ్గర పిడికిట్లో పట్టుకుని ఇంటికొచ్చాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల నిండా ఇసుకే అన్నాడు. నేను యూనిట్‌కి వెళ్ళాను. మేస్త్రి అప్పటికే దాన్ని కొనుక్కుని యజమాని అయిపోయాడు. కారు అద్దం సగం దించి, ఫోనులోంచి తలెత్తకుండా అన్నాడు. "తక్కెడా? అలాంటివాడెవడూ నా యూనిట్‌లో అడుగే పెట్టలేదమ్మా." కారు కదిలిపోయింది. కార్మికశాఖ ఆఫీసులో "పనిచేసినట్టు ఆధారం ఉందా?" అన్నారు. ఆ యూనిట్‌లో ఎవరి పేరూ ఎక్కడా రాయరు. తోటివాళ్ళకి నోరు విప్పితే పని పోతుంది.

పడుకుంటే ఊపిరాడక మా తమ్ముడు కూర్చునే నిద్రపోయేవాడు. చివరికి నన్ను మందు అడగలేదు, మంచినీళ్ళు అడగలేదు. "నేనక్కడ పనే చెయ్యలేదంటాడేంటక్కా? మరి ఇన్నాళ్ళూ నేనెక్కడున్నట్టు?" అని అడిగాడు.

వాడు పోయాడు.

ఆ ప్రశ్నకి జవాబు మేస్త్రి నోటితోనే, పదిమంది ముందు చెప్పించాలి. నేను పెట్టుకున్న పని అదొక్కటే. కొందరు దాన్ని న్యాయం అంటారు. నేను పగ అనే అంటాను.

* * *

వాడు పోయాక నేను జీన్స్ చెకింగ్‌లో చేరాను. పాముని పట్టాలంటే ముందు పుట్ట తెలియాలి. ఏళ్ళు గడిచాయి. బస్సులో ఆ కుర్రాణ్ణి చూసేనాటికి నేను ఒక పెద్ద బట్టల షాపుల సంస్థకి హెడ్ చెకర్‌ని. మా యజమానురాలిని అందరం మేడమ్ అంటాం. ఇసుక కొట్టిన బట్ట తన షాపు గడప తొక్కదని ఆవిడ ప్రతి షాపు ముందూ బోర్డు పెట్టింది. మాలో ఒక రివాజు ఉంది. సంతకాలకి ముందు, అమ్మేవాళ్ళ ముందే, చెకర్ ఆ బట్టని బల్ల మీద పరిచి పైకి 'చదవాలి'. అసలు అరుగుదలా, ఫ్యాషన్ కోసం చేసిన అరుగుదలా అనేది అందరికీ వినపడేట్టు చెప్పాలి. అమ్మేవాడు అక్కడికక్కడే జవాబివ్వొచ్చు.

ఆ నాన్న ప్యాంటు చేసే కంపెనీకి మేస్త్రి ఇప్పుడు చైర్మన్. పత్రికల్లో ఫొటోలు. తన తండ్రి లారీ షెడ్డులో కష్టపడుతూ తొడిగిన ప్యాంటు నుంచే ఈ డిజైన్ పుట్టిందట. ఆ అసలు ప్యాంటుని షోరూమ్‌లో అద్దాలపెట్టెలో పెట్టాడు. అది చూడ్డానికి జనం వస్తున్నారు.

అతను మా మేడమ్‌కి కబురు పెట్టాడు. నాన్న ప్యాంటు మీ షాపులన్నింటిలో పెట్టండి అని.

"ఏమంటావు?" అంది మేడమ్.

"ఒప్పుకోండి. కాని ఆ పెట్టెలో ప్యాంటు నేను చదవాలి. అతని షోరూమ్‌లోనే, అందరి ముందూ."

"నకిలీ అని నీ అనుమానమా?"

"చూడకుండా ఎలా చెప్పను మేడమ్? ఇంకో మాట. వాళ్ళమ్మగారు ఉన్నారట. ఆవిణ్ణి కూడా ముందు వరసలో కూర్చోబెట్టమనండి. భర్త ప్యాంటు కదా, శోభగా ఉంటుంది."

మేడమ్ నా వంక ఒక క్షణం చూసి, తలూపింది.

* * *

షోరూమ్ నిండా దీపాలు. నీలం గుడ్డ పరిచిన బల్ల. మేస్త్రి సొంత ఖర్చుతో కెమెరా పెట్టించి, అంతా నేరుగా ఫోన్లలో వచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నాడు. ముందు వరసలో వాళ్ళమ్మ. చేతికర్ర, మందపాటి కళ్ళద్దాలు, ఎవరు పలకరించినా చిన్న నవ్వు.

మేస్త్రి మైకు అందుకున్నాడు. "ఇది ప్యాంటు కాదండీ. మా నాన్న చెమట." చప్పట్లు.

పెట్టె తెరిచారు. ప్యాంటు నా చేతికొచ్చింది. కాళ్ళ కుట్టు తిప్పి చూపించాను.

"దీనికి నేత అంచు లేదు. బట్ట కోసి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు వేశారు."

మేస్త్రి మొహం పాలిపోయింది. మేడమ్ అడిగింది. "పాత ఇరుకు మగ్గం మీద నేస్తే బట్టకి సొంత అంచు ఉంటుంది కదా? అది లేకపోతే అసలుదెలా అవుతుంది?"

"అంచు మగ్గం సంగతి చెబుతుంది మేడమ్. తొడిగినవాడి సంగతి చెప్పదు. అంచున్న బట్ట కొనుక్కొచ్చి దాన్నీ గరుకు కాగితంతో రుద్దేవాళ్ళున్నారు." ప్యాంటుని లోపలికి తిప్పాను. "మందు పోసి రంగు పోగొడితే లోపలా బయటా వెలిసిపోతుంది. ఇది లోపల ఇంకా నల్లనీలం. బయట రాపిడి తగిలినచోటే తెలుపు. జేబు గుడ్డ చూడండి, తాళాలు పొడుచుకుని చిల్లుపడింది. ఫ్యాషన్ ప్యాంటుకి తొడలు తెల్లబడతాయి గాని జేబు కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. తొడ మొదట్లో ఈ పిల్లిమీసాల గీతలు కుడివీ ఎడమవీ ఒకలా లేవు. మిషన్ దగ్గర గీస్తే అద్దంలో బొమ్మలా ఒకేలా వస్తాయి. మనిషి అలా సమంగా కూర్చోడు."

ప్యాంటుని మళ్ళీ పైకి తిప్పి బల్ల మీద పరిచాను. "ఇది అసలుదే. ఒక మనిషి తొడుక్కుని, కష్టపడి, అరగదీసిందే."

హాలు మోగిపోయింది. మేస్త్రి నాకు దణ్ణం పెట్టినంత పనిచేశాడు. "ఆహా! బట్ట చదవడమంటే ఇదీ! అమ్మా, మీలాంటివాళ్ళు మా దగ్గర ఉండాలి."

"ఇంకా చదవడం అయిపోలేదు సార్."

"చదవండి, చదవండి!"

"దీన్ని తొడిగినాయనకి కుడి మోకాలు వంగదు."

చప్పట్లు ఆగాయి. నేను ప్యాంటు తిరగేసి మోకాళ్ళ వెనక చూపించాను. "ఎడమ కాలికి మడతలున్నాయి. కుడికాలికి లేవు. కుడి అంచు ఈడ్చిన గుర్తు. తొడ మీద ఈ మచ్చ అరచెయ్యి. కాలు నెట్టుకుంటూ మెట్లెక్కేవాడన్నమాట. మీ నాన్నగారు కుంటేవారా సార్?"

మేస్త్రి కళ్ళు అటూ ఇటూ పరిగెత్తాయి. లేదంటే ప్యాంటు తండ్రిది కాదు. ఒక్క ఊపిరిలో లెక్కేసుకుని గొంతు బరువు చేశాడు. "అవునమ్మా. లారీ జాకీ జారి కాలు మీద పడింది. ఆ కుంటికాలితోనే మమ్మల్ని ఇంతవాళ్ళని చేశాడు."

"ఎవర్రా కుంటివాడు?"

ముందు వరసలో చేతికర్ర నేలని పొడిచింది. ముసలావిడ లేచి నిలబడింది.

"అమ్మా, నువ్వు కూర్చో..."

"కూర్చోను. ఆయన ఈ నీలం ప్యాంటు జన్మలో తొడగలేదు. ఆయనదేనన్నావు, పోనీలే పిల్లాడి వ్యాపారం కదా అని నోరు మూసుకున్నాను. ఇప్పుడు కాలు కూడా విరగ్గొడతావట్రా సన్నాసీ?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అమ్మకి మతిమరుపండీ..." అన్నాడు మేస్త్రి మైకులో.

"నాకా మతిమరుపు? ఆయనతో కాపురం చేసింది నేనా, నువ్వా? గుర్రంలా నడిచేవాడు! ఆయన వెనక పరిగెత్తలేక నా కాళ్ళు పోయాయిగాని ఆయన కాళ్ళకేం రోగం?"

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. పెన్ను మూత పెట్టేసింది. "చైర్మన్ గారూ, ఈ ప్యాంటు ఎవరిది? ఎవరిదో తెలియని బట్టకి కథ కట్టి నేను అమ్మలేను."

మేస్త్రి నుదుటి మీద చెమట. అప్పుడు నేను తాడు అందించాను, మెత్తగా. "సార్, జనానికి కావలసింది కష్టజీవి తొడిగిన ప్యాంటు. అది నాన్నదే కానక్కర్లేదు. మీ దగ్గర పనిచేసిన మనిషిదైతే ఇంకా మంచి కథ. యజమాని తన పనివాడి ప్యాంటుని అద్దాలపెట్టెలో పెట్టుకున్నాడంటే ఎంత గొప్ప!"

మునిగేవాడికి తాడు ఎవరు విసిరారో చూసే తీరిక ఉండదు. మేస్త్రి మొహం వెలిగింది. "నిజం చెప్పేస్తానండీ! ఇది మా యూనిట్‌లో పనిచేసిన కుర్రాడిది. మొహమాటపడి నాన్న పేరు చెప్పాను. వాడు నాకు సొంత తమ్ముడిలాంటివాడు."

తమ్ముడు అన్నాడు. "ఏమని పిలిచేవారు సార్?"

"తక్కెడ అనేవాళ్ళం. ఎందుకంటే, ఇదిగో, ఇలా నడిచేవాడు." మైకు పట్టుకుని బల్ల ముందు ఒక పక్కకి ఒరిగి, లేచి, మళ్ళీ ఒరిగి నడిచి చూపించాడు. కొందరు నవ్వారు. నేను కెమెరా వైపు చూశాను. ఎర్రదీపం వెలుగుతోంది.

"ఏం పనిచేసేవాడు?"

"గన్ను పనమ్మా. అబ్బో, వాడి చెయ్యి పడితే కొత్త బట్ట క్షణంలో ముసలిదయ్యేది!"

"ఏం గన్ను?" అంది మేడమ్.

అప్పటికి అర్థమైంది అతనికి. "అదే... అప్పట్లో అందరూ ఇసుకే కొట్టేవాళ్ళండి. మేం ఎప్పుడో మానేశాం."

పక్కన వేలాడదీసిన కొత్త ప్యాంట్లలోంచి ఒకటి తీశాను. జేబు లోపలి గుడ్డని బయటికి లాగి, దాని మూల కుట్టుని గోరుతో కొట్టాను. నీలం గుడ్డ పరిచిన బల్ల మీద తెల్లటి ఇసుక రాలింది. ఇంకోటి తీశాను. మళ్ళీ ఇసుక. కడిగినా జేబు మూల ఇసుకని వదలదు.

"ఇవి మొన్న తయారైనవి కదా సార్?"

మేస్త్రి అరచేత్తో ఆ ఇసుకని బల్ల మీంచి తుడిచేశాడు.

"తక్కెడ ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎక్కడో... హాయిగా ఉండుంటాడు. నేనే మంచి ఉద్యోగం చూసి పంపించాను."

"పోయాడు. మీ ఇసుక పీల్చి, కూర్చున్నచోటే పోయాడు. నేను వాడి అక్కని. మీ గేటు దగ్గర, కారు అద్దం పక్కన నిలబడి అడిగినదాన్ని. అలాంటివాడెవడూ నా యూనిట్‌లో అడుగే పెట్టలేదన్నారు. గుర్తుందా?"

అతను నా మొహంలోకి చూడ్డం అదే మొదటిసారి. ఆ చూపుని నేను తేలిగ్గా వదల్లేదు. అతనే తల తిప్పుకుని అరిచాడు. "ఆపరా కెమెరా!"

"లైవ్ సార్," అన్నాడు కెమెరామన్ బిక్కచచ్చిపోయి. "ఏం జరిగినా ఆపొద్దని మీరే అన్నారు కదా."

మేడమ్ లేచింది. నా పక్కనుంచి వెళ్తూ గొంతు తగ్గించి అంది. "నన్ను ఎరగా పెట్టావు."

"అవును మేడమ్."

"ముందే చెప్పుండొచ్చు."

"చెబితే మీరు అతనితో మాట్లాడేవారే కాదు. అతను మాట్లాడాలి."

ఆవిడ విసవిసా నడిచివెళ్ళింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోకపోయినా ఫరవాలేదు.

ముసలావిడ చేతికర్ర ఊతంగా నా దగ్గరికొచ్చింది. దగ్గరగా, అద్దాలు నా మొహానికి తగిలేంత దగ్గరగా చూసింది. "ఎంత వయసు పిల్లాడమ్మా?"

"మీసం సరిగా రాలేదు."

కొడుకు "అమ్మా, కారు తెప్పిస్తాను" అంటూ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "నీ కారు వద్దు. ఇంకెవరైనా బండి పిలవండి." గుమ్మం దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్ళింది. మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. అతన్ని చూసి నాకు జాలి వేస్తుందేమోనని ఎన్నోసార్లు భయపడ్డాను. వెయ్యలేదు.

* * *

కార్మికశాఖ ఆఫీసులో విచారణ పగటిపూట జరిగింది. యూనిట్‌లో ఇంకా దగ్గుతున్నవాళ్ళు కొందరు ఈసారి నాతో వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. యూనిట్‌కి అప్పటికే తాళం పడింది. ఎదురు బెంచీలో మేస్త్రి, పక్కన అతని లాయరు.

"పనిచేసినట్టు ఆధారం ఉందా?" అనే పాత ప్రశ్నతోనే లాయరు మొదలుపెట్టాడు.

అధికారి కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు. మేస్త్రి గొంతు గదిలో ఖంగున మోగింది. "ఇది మా యూనిట్‌లో పనిచేసిన కుర్రాడిది..." తెర మీద అతను ఒరిగి, లేచి, ఒరిగి నడుస్తున్నాడు. బెంచీ మీది మేస్త్రి తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

అధికారి ఆపబోయాడు.

"ఇంకోసారి పెట్టండి," అన్నాను.

"అర్థమైందమ్మా. ఒక్కసారి చాలు."

"మీకు చాలేమో. నాకు చాలదు. ఆయన్ని తలెత్తి చూడమనండి. పెట్టండి."

అధికారి నా వంక చూశాడు, మేస్త్రి వంక చూశాడు, మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.